బిజిలీ వెంట బరాత్

ఆ రోజు ఓంప్రకాశ్ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. ఐదున్నరకు కరీంనగర్‌లో బిజిలీని ట్రాలీ బండి ఎక్కించాలి. ఏడింటికల్లా హుజూరాబాద్ చేరాలి. తొమ్మిదిన్నరకు విడిది ఇంటి దగ్గర పెళ్లికొడుకును గుర్రమెక్కించి, కిలోమీటరు దూరంలో ఉన్న ఫంక్షన్ హాలు ముందు దింపాలి. ముహూర్తం పది నలభై రెండుకు. తలంబ్రాలు కాగానే భోజనం చేసి ఇంటిదారి పట్టాలి. ఇంత చిన్న పని సజావుగా జరగడం కోసం అతను పది రోజులు ఆదిలాబాద్ జిల్లాలో శిక్షణ పొంది, రెండు రోజుల కిందటే తిరిగి వచ్చాడు.

ఓంప్రకాశ్‌ది నేతపని చేసే కుటుంబం. సిరిసిల్లలో పదహారేళ్లు మరమగ్గాలు నడిపాడు. ఆ మోతలో పక్కవాడికి మాట వినిపించాలంటే అరవాల్సిందే. రెండేళ్ల కింద ఆ పని మానేసి, భార్య తిరుమలతో కరీంనగర్ వచ్చి, పెళ్లిళ్లకు తిప్పడానికి బిజిలీ అనే తెల్లటి ఆడగుర్రాన్ని కొన్నాడు. మగ్గాలు వెనకే ఉండిపోయాయి గానీ గొంతు మాత్రం అతనితోనే వచ్చింది. అతను మంచినీళ్లు అడిగినా పక్కింటివాళ్లు ఏం గొడవో అని కిటికీ తెరిచేవాళ్లు.

బిజిలీ చూడటానికి ముచ్చటగా ఉండేది. బ్యాండు మోగనంత వరకు బుద్ధిగా ఉండేది. మోగితే మాత్రం వెనక్కి నడిచేది. గంగాధరలో ఒక పెళ్లికొడుకును అలాగే వెనక్కి వెనక్కి తీసుకుపోయి, అతను బయలుదేరిన ఇంటికే చేర్చింది. చొప్పదండిలో చెరుకురసం బండిని పడగొట్టింది. ప్రతిసారీ ఓంప్రకాశ్ పగ్గం బిగబట్టి గుర్రాన్ని తిట్టేవాడు, తర్వాత పెళ్లివారి ముందు తప్పంతా దాని మీద వేసేవాడు. పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఇంకొక్క పెళ్లి చెడితే బిజిలీని అమ్మి, తిరిగి మగ్గాల దగ్గరికి పోవడమేనని మొగుడూ పెళ్లాం ఒక మాట అనుకున్నారు. ఆ మాట అనుకున్న రోజు ఇద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడే ఎవరో బోథ్ దగ్గర జానకీబాయి సంగతి చెప్పారు. అరవై దాటిన మనిషి, భూములున్న కుటుంబం. చిన్నప్పటి నుంచి గుర్రాల మధ్యే పెరిగింది. కొరడా లేకుండా, కళ్లెం లేకుండా, గుర్రం మనసు తెలుసుకుని దాన్ని మాట వినేలా చేసే పద్ధతి ఒకటి నేర్చుకుని వచ్చి, తన పొలంలోనే పది రోజుల శిక్షణ ఇస్తుందట. ఓంప్రకాశ్ బిజిలీని బండెక్కించి బోథ్ తీసుకుపోయాడు. దాన్ని అక్కడ కట్టేసి, శిక్షణ అయ్యాక వచ్చి తీసుకుపోతానని చెప్పి తిరుగు బస్సు సమయం అడిగాడు.

జానకీబాయి బిజిలీ చుట్టూ ఒకసారి తిరిగింది. దాని చెవులు చూసింది, కళ్లు చూసింది. తర్వాత ఓంప్రకాశ్‌ను కూడా అంతే శ్రద్ధగా చూసింది.

"గుర్రం మంచిగనే ఉన్నది బాబా. నేర్చుకునేది నువ్వు. సంచీ లోపల పెట్టు," అంది.

అతని దగ్గర సంచీ కూడా లేదు. పది రోజులూ జానకీబాయి పాలేరు సాంబయ్య పంచెలు కట్టుకుని శిక్షణ పొందాడు.

మొదటి రోజు అతన్ని, బిజిలీని వెదురుబొంగులతో కట్టిన గుండ్రటి కంచెలోకి పంపి, గుర్రాన్ని దగ్గరికి పిలవమంది. ఓంప్రకాశ్ పిలిచాడు. ఆ పిలుపుకు కంచె అవతల మేస్తున్న రెండు ఎడ్లు తలెత్తాయి, పత్తి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. బిజిలీ మాత్రం కంచె ఆ చివరకు పోయి ముఖం తిప్పుకుంది. రెండో రోజు పగ్గం పట్టి లాగాడు. అతను ఎంత లాగితే అది అంత బలంగా వెనక్కి తన్నిపట్టింది. మధ్యాహ్నానికి అతని అరచేతులు కమిలిపోయాయి. జానకీబాయి వేపచెట్టు నీడలో కూర్చుని జొన్నరొట్టె తింటూ చూసింది గానీ ఒక్క మాట అనలేదు. ఆమె తిట్టి ఉంటే అతనికి కాస్త నయంగా ఉండేది.

మూడో రోజు పొద్దున ఒక తొట్టిని బోర్లించి, కంచె నడుమ దాని మీద అతన్ని కూర్చోమంది. మాట్లాడొద్దు, గుర్రాన్ని చూడొద్దు, ఊరికే కూర్చోవాలి. పదహారేళ్లలో ఓంప్రకాశ్ పగటిపూట ఊరికే కూర్చున్నది లేదు. అరగంటకు కాళ్లు తిమ్మిరెక్కాయి. గంటకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో కోపం కూడా అలిసిపోయి, నిట్టూర్పు ఒకటి బయటికి వచ్చింది. భుజాలు వాటంతటవే కిందికి జారాయి. వెనక మట్టిలో డెక్కల చప్పుడు. బిజిలీ వచ్చి, ముక్కు అతని భుజానికి ఆనించి, నాలుకతో పెదవులు తడుపుకుంటూ నిలబడింది. అతను కదల్లేదు. కదలాలనీ అనిపించలేదు. ఎందుకో కళ్లు తడిశాయి. సాంబయ్య చూస్తాడేమోనని పంచె కొంగుతో తుడుచుకున్నాడు, పంచె ఎలాగూ సాంబయ్యదే.

ఆ సాయంత్రం జానకీబాయి మొదటిసారి పాఠంలాంటిది చెప్పింది. బ్యాండు మోగగానే బెదిరేది గుర్రం కాదంది. ముందు ఓంప్రకాశ్ బెదురుతాడు, అతని చెయ్యి పగ్గాన్ని బిగిస్తుంది, ఆ బిగువు గుర్రానికి చేరుతుంది. "భయం పగ్గం మీద నడిచి పోతది బాబా. హళూ హళూ, మెల్లమెల్లగ. చెయ్యి వదులు చేస్తే అదే వదులైతది."

మిగిలిన రోజులు ఆ వదులు చేయడంలోనే గడిచాయి. సాంబయ్య దూరంగా రేకుడబ్బా వాయించేవాడు, రోజుకు పది అడుగులు దగ్గరికి వచ్చేవాడు. ఓంప్రకాశ్ ఊపిరి వదిలి, పగ్గాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నిలబడేవాడు. ఎనిమిదో రోజుకు సాంబయ్య బిజిలీ చెవి పక్కనే డబ్బా వాయించినా అది తోక కూడా ఆడించలేదు. తొమ్మిదో రోజుకు పగ్గమే అవసరం లేకపోయింది. ఓంప్రకాశ్ వెన్ను చూపి నడిస్తే చాలు, బిజిలీ అతని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేది. అతను ఆగితే ఆగేది. వేగంగా నడిస్తే తానూ వేగంగా నడిచేది.

రాత్రి అతను ఇంటికి ఫోన్ చేశాడు. తిరుమల అనుమానంగా అడిగింది. "గొంతు గంత సల్లగైందేంది? జరమొచ్చిందా?" జ్వరమేమీ లేదని, ఆ రోజు ఆమె ఏం చేసిందో చెప్పమని అన్నాడు. తిరుమలకు ఆ ప్రశ్న కొత్త. పావుగంట చెప్పింది. అతను మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కంగారుపడి సాంబయ్యకు ఫోన్ చేసి, మా ఆయనకు నిజంగా ఒంట్లో బాగుందా అని మళ్లీ అడిగింది.

బయలుదేరేటప్పుడు జానకీబాయి బిజిలీ మెడ నిమిరి, "ఇగ ఇది నిన్ను నమ్మింది. నువ్వు ఎటు పోతే అటు వస్తది. జర యాదిల పెట్టుకో," అంది. ఓంప్రకాశ్ దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

హుజూరాబాద్ పెళ్లి జగపతిరావు గారింటిది. ఆయనకు రైసుమిల్లు ఉంది, పొలం ఉంది, ఒక్కగానొక్క కూతురు రచన ఉంది, వీటన్నిటినీ మించి గొంతు ఉంది. పెళ్లికొడుకు భానుప్రసాద్ వరంగల్‌లో బ్యాంకు ఉద్యోగి. ఎవరేమన్నా సరే అనే మెతక మనిషి. జీవితంలో ఒకే ఒక్క విషయానికి వద్దన్నాడు. ముందురోజు రాత్రి మామగారికి ఫోన్ చేసి, తనకు ఎత్తంటే భయమని, కారులో వస్తానని బతిమాలాడు. తమ ఇంటి అల్లుళ్లందరూ గుర్రం మీదే వచ్చారని జగపతిరావు ఆ కబురు వరంగల్‌కు ఫోన్ లేకుండానే చేరేంత గట్టిగా చెప్పి పెట్టేశారు. పెట్టేశాక ఆయనకే మనసు కుదుటపడలేదు. కొత్త అల్లుడితో అంతలా అరవాల్సింది కాదేమో అని పొద్దున్నే భార్యతో అన్నారట. అదీ గట్టిగానే అన్నారు.

తొమ్మిదిన్నరకు భానుప్రసాద్‌ను గుర్రమెక్కించారు. తలపాగా, ముఖం మీద మల్లెల తెర. చేతులు రెండూ జీనును పట్టుకున్నాయి. ఓంప్రకాశ్ ఊపిరి వదిలాడు. బ్యాండు మోగింది. పటాకులు పేలాయి. బిజిలీ ఒక చెవి ఆడించి ఊరుకుంది. ఓంప్రకాశ్‌కు అక్కడికక్కడే ఎగిరి గంతేయాలనిపించింది గానీ, గుర్రం కూడా గంతేస్తుందని ఆగాడు.

చౌరస్తా దగ్గర బరాత్ ఆగింది. పెళ్లికొడుకు మేనత్తలు నాట్యం మొదలుపెట్టారు. ఇక పావుగంట కదలరని తెలిసి, ఓంప్రకాశ్ పగ్గాన్ని జీనుకు తగిలించి నిలబడ్డాడు. అప్పుడే ఫోన్ మోగింది. జానకీబాయి. బ్యాండు ముందు బిజిలీ ఎలా ఉందో తెలుసుకోవాలని చేసింది. ఆ మోతలో మాట వినపడక ఓంప్రకాశ్ వెనక్కి తిరిగి, పక్కనున్న సందులోకి నడిచాడు.

బిజిలీ అతని వెన్ను చూసింది. బోథ్‌లో ఆ వెన్నుకు అర్థం ఒకటే. అది కూడా సందులోకి తిరిగింది.

భానుప్రసాద్ దారి ఇదేనేమో అనుకున్నాడు. పెళ్లికొడుకు తిరిగాడు కాబట్టి దారి మారిందని బ్యాండువాళ్లు అనుకున్నారు. బ్యాండు పోయింది కాబట్టి మేనత్తలు నాట్యం చేస్తూనే పోయారు. వాళ్ల వెనక రెండువందల మంది బంధువులు, వీడియో తీసేవాళ్లు, పెళ్లి భోజనానికి ముందే ఆకలేస్తున్న పిల్లలు, అందరూ సందులోకి వచ్చారు.

ఎంత దూరం నడిచినా మోత తగ్గకపోవడం ఓంప్రకాశ్‌కు వింతగా తోచింది. చెవిలో వేలు పెట్టుకుని నడక పెంచాడు. బిజిలీ పెంచింది. బ్యాండు మేస్త్రీ ముహూర్తం దగ్గరపడిందేమోనని తాళం పెంచాడు. కూరగాయల మార్కెట్ దాటుతుండగా జానకీబాయి గుర్రం బెదురుతోందా అని మళ్లీ అడిగింది.

"బెదురుడా? నిలబెట్టిన కాడ నిలబడ్డదమ్మా. ఇంతన్న కదులుతలేదు," అన్నాడు ఓంప్రకాశ్. బిజిలీ అప్పుడు అతనికి నాలుగడుగుల వెనక టమాటాల గంపల నడుమ జాగ్రత్తగా నడుస్తోంది.

మార్కెట్ వెనక ఒక పెద్ద ప్రహరీ, లోపల వేపచెట్లు, చల్లని నీడ. ఇక్కడైతే నెమ్మదిగా మాట్లాడుకోవచ్చని గేటులోంచి పోయి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బోర్డు చూడలేదు. అది పోలీసు స్టేషన్.

ఎస్సై మమతారాణి ఆ ఉదయం ఇద్దరు కానిస్టేబుళ్లతో ఉంది. మిగతావాళ్లు బందోబస్తుకు పోయారు. డప్పులతో రెండువందల మంది లోపలికి రావడం చూసి, ఏదో ధర్నా అనుకుని టోపీ పెట్టుకుని బయటికి వచ్చింది. ముందు గుర్రం మీద ఉన్నవాడే నాయకుడై ఉంటాడని తేల్చుకుని, బ్యాండు ఆపించి, ఫిర్యాదు ఎవరి మీద అని అడిగింది. మోత ఆగడంతో బరాత్‌కు బాగా దూరం వచ్చేశాననుకుని ఓంప్రకాశ్ గోడవైపే తిరిగి ఫోన్‌లో మాట సాగించాడు.

"నాకు దిగుడు రాదు మేడం," అన్నాడు భానుప్రసాద్.

దిగడం తర్వాత సంగతి, ముందు ఫిర్యాదు చెప్పమంది ఎస్సై. అడిగినవాళ్లకు లేదనడం భానుప్రసాద్‌కు అలవాటు లేదు. కాసేపు ఆలోచించి, గుర్రం మీదే రావాలని మామగారు పట్టుబట్టారని, తనకేమో భయమని ఉన్నమాట చెప్పాడు. కానిస్టేబుల్ 'మామగారి ఒత్తిడి' అని రాసుకున్నాడు. అది చూసిన బంధువు ఒకడు ఫంక్షన్ హాలుకు ఫోన్ చేశాడు. అక్కడ ఫోన్ ఎత్తినవాడు మైకు పక్కనే ఉన్నాడు. పెళ్లికొడుకు పోలీసు స్టేషన్‌లో మామ మీద కేసు పెడుతున్నాడన్న వార్త పందిరంతా వినబడింది. పంతులు మంత్రం మధ్యలో ఆపి, ముహూర్తం మాత్రం ఆగదని అందరికీ గుర్తుచేశాడు.

ఐదు నిమిషాల్లో జగపతిరావు మూడు కార్లతో స్టేషన్ ముందు దిగారు. దిగుతూనే ఎవడ్రా నా అల్లుణ్ణి ఇక్కడికి తెచ్చింది అని అరిచారు.

బిజిలీకి ఆ గొంతు తెలుసు. మనిషి వేరు గానీ గొంతు పాత ఓంప్రకాశ్‌దే. అది వెనక్కి నడవడం మొదలుపెట్టింది. దాని వెనక, పోలీసులు పట్టుకొచ్చిన మోటారు సైకిళ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. మొదటిది రెండోదాని మీద పడింది. రెండోది మూడోదాని మీద. అలా పద్నాలుగు పడ్డాయి. ఆ చప్పుడుకు బిజిలీ ముందుకు దూకి ఆవరణ చుట్టూ పరుగందుకుంది. భానుప్రసాద్ తలపాగా ఎగిరిపోయింది. అతను గుర్రం మెడను రెండు చేతులతో కావలించుకుని కళ్లు మూసుకున్నాడు. మేనత్తలు కేకలు పెట్టారు. మగవాళ్లు నలుగురు అడ్డం పోబోయారు. జగపతిరావు మరింత గట్టిగా అరిచారు.

ఫోన్ చేతిలో ఉండగానే ఓంప్రకాశ్ ఇటు తిరిగాడు. ఒక్క క్షణం అతనికేమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది. పదహారేళ్ల మగ్గాల కేక గొంతుదాకా వచ్చింది. పెళ్లికొడుకు జారిపడితే తల పగులుతుంది. ఈ పెళ్లి చెడితే బిజిలీ పోతుంది. అయినా ఆ కేకను మింగేశాడు. అడ్డం పోతున్నవాళ్లను చేత్తో ఆపి, నేరుగా జగపతిరావు దగ్గరికి నడిచాడు.

"సార్, అది మీ గొంతుకు బెదురుతున్నది," అన్నాడు మెల్లగా. "జర ఊపిరి ఇడువుండ్రి. నేను గూడ ఇడుస్త."

జగపతిరావుతో ఎవరూ ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన నిజంగానే ఊపిరి వదిలారు. ఆయన వదలడం చూసి పక్కనున్నవాళ్లు వదిలారు. ఎస్సై వదిలింది. ఆవరణలో వేపాకు రాలితే వినబడేంత నిశ్శబ్దం. ఓంప్రకాశ్ బిజిలీకి వెన్ను చూపి, భుజాలు జార్చి, నేల చూస్తూ నిలబడ్డాడు. డెక్కల చప్పుడు పరుగు నుంచి నడకకు దిగింది. ఒక చుట్టు. అర చుట్టు. తర్వాత అతని భుజం మీద వెచ్చటి ఊపిరి తగిలింది. భానుప్రసాద్ ఒక కన్ను తెరిచాడు.

జగపతిరావు గొంతు తగ్గించి, అంటే మామూలు మనుషులు మాట్లాడే స్థాయికి తెచ్చి, ఈ తప్పు గుర్రానిదా నీదా అని అడిగారు.

వెనకటి ఓంప్రకాశ్ అయితే జవాబు సిద్ధంగా ఉండేది. బిజిలీ నోరు లేనిది, ఎంతైనా మోస్తుంది. అతను దాని నుదురు నిమిరాడు.

"నాదే సార్. నా ఎంబడి రమ్మని నేనే నేర్పిన. అది వచ్చింది. వెనుకకు మళ్లి చూడంది నేను."

జగపతిరావు గుర్రం దగ్గరికి పోయి, తల పైకెత్తి అల్లుడితో అన్నారు. "భయమైతే దిగు బిడ్డా. నడుచుకుంట పోదాం. రాత్రి నేనట్ల అనొద్దుండె."

భానుప్రసాద్ కింది నేలను చూశాడు. చుట్టూ ఉన్న రెండువందల ముఖాలు చూశాడు. ఈ పరుగు తర్వాత ఇక భయపడటానికి తనలో ఏమీ మిగల్లేదని అతనికే ఆశ్చర్యంగా అనిపించింది. "వద్దు మామా. ఇట్లనే వస్త," అన్నాడు. పెళ్లివారి ముందు అతను తనంతట తానుగా తీసుకున్న మొదటి నిర్ణయం అదే.

పది ఇరవై అయింది. బ్యాండు వద్దన్నాడు ఓంప్రకాశ్. ఫోన్ జేబులో పెట్టుకుని ముందు నడిచాడు. అతని వెనక బిజిలీ, గుర్రం పక్కన అల్లుడి చెయ్యి పట్టుకున్నట్టు జగపతిరావు, వెనక రెండువందల మంది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ట్రాఫిక్ ఆపడానికి ఎస్సై ఒక కానిస్టేబుల్‌ను పంపింది. నిశ్శబ్దంగా పోతున్న ఆ బరాత్‌ను చూసి మార్కెట్‌లో జనం ఎవరో మహానుభావుడనుకుని లేచి నిలబడ్డారు. ఒకావిడ దండం కూడా పెట్టింది. భానుప్రసాద్ మర్యాదగా తిరిగి దండం పెట్టాడు. రెండు చేతులూ వదిలి.

పది ముప్పై ఎనిమిదికి హాలు చేరారు. అడ్డుతెర తీశాక, జీలకర్ర బెల్లం చేతిలోనే ఉండగా, స్టేషన్‌లో ఏం ఫిర్యాదు చేశావని రచన అడిగింది. గుర్రం దిగడం రాదని చెప్పానన్నాడు భానుప్రసాద్. ఆమె తల వంచుకుని నవ్విన ఆ నవ్వే పెళ్లి ఆల్బమ్‌కు అట్ట అయింది.

ఓంప్రకాశ్ హాలు వెనక బిజిలీకి నీళ్లు పెట్టి, తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఏమంటే ఏమనాలో మనసులో అనుకుంటూ ఉండగా జగపతిరావే వచ్చారు. చేతిలో భోజనం పళ్లెం. అది ఓంప్రకాశ్ ముందు పెట్టి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, ఇదంతా నేర్పిందెవరని అడిగి తెలుసుకుని, బోథ్‌లో ఉన్న ఆ బాయి నంబరు అడిగారు. రాసుకున్నాక ఇంకాస్త గొంతు తగ్గించారు.

"గుర్రం లేనోళ్లను గూడ చేర్చుకుంటదా?"

చేర్చుకుంది. జగపతిరావు తొమ్మిది రోజులు తొట్టి మీద కూర్చున్నారని, పదో రోజు సాంబయ్య కోడిపుంజు వచ్చి ఆయన ఒళ్లో కూర్చుందని తర్వాత తెలిసింది. బిజిలీకి ఆ నెలలోనే ఆరు పెళ్లిళ్లు కుదిరాయి. ఇంత జరిగినా ముహూర్తానికి అందిన పెళ్లి అని హుజూరాబాద్ అంతా చెప్పుకోవడంతో, ఆరింటిలో నలుగురు పెళ్లివారు తమ బరాత్ కూడా పోలీసు స్టేషన్ మీదుగానే పోవాలని, అది కలిసొచ్చే దారి అని పట్టుబట్టారు. నాలుగోది వచ్చి పోయాక ఎస్సై మమతారాణి గేటు పక్కన కొత్త బోర్డు రాయించింది: 'ఫిర్యాదుదారులు గుర్రం దిగి రావలెను.'